ఇంట్లో చిన్న చిన్న పెయింట్ పనులు: డబ్బా మూత తీసే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: ఐదేళ్ల కిందట పెయింట్ వేయించిన డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. బెడ్‌రూంలో బాత్రూం వైపు గోడ అడుగున ఉబ్బి పెచ్చులు రాలుతోంది. హాల్లో పాత టీవీ తీసేసిన చోట డ్రిల్లు రంధ్రాలు, దివాన్ వెనక తల ఆనించిన జిడ్డు మరక, పాప గీసిన పెన్ను గీతలు ఉన్నాయి. బాల్కనీ గ్రిల్లు తుప్పు పట్టింది. పెయింటర్లను పిలిస్తే "ఇల్లు మొత్తమైతే వస్తాం, ముక్క పనికి రాం" అంటున్నారు. మేమే చేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

చేసుకోవచ్చండి. నేను పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో బ్రష్ పట్టుకున్నాను, తర్వాత మనుషుల్ని పెట్టి చేయిస్తున్నాను. ముక్క పనికి మావాళ్లు ఎందుకు రారో ముందు చెప్తాను, మీ జవాబు సగం అందులోనే ఉంది. అరచేయంత మచ్చ సరిచేయాలన్నా మనిషి మూడుసార్లు రావాలి. ఒకసారి గీకి లప్పం (వాల్ పుట్టీ) పెట్టి వెళ్లాలి, ఆరాక వచ్చి రుద్ది ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కొట్టాలి, అది కూడా ఆరాక రంగు వేయాలి. చేతిపని అంతా కలిపితే గంటన్నర ఉంటుంది. మిగతాదంతా ఆరేదాకా కూర్చోవడమే. కూలికి వచ్చినవాడికి ఆ కూర్చోవడం గిట్టదు. ఇంట్లో ఉండే మీకు అది ఖర్చే కాదు. పొద్దున లప్పం పెట్టి ఆఫీసుకెళ్లి, సాయంత్రం వచ్చి రుద్దుకుంటారు. మమ్మల్ని బతిమాలి, తొందరపెట్టి ఒక్క పూటలో చేయిస్తే, తడి మీద తడి పూసేసి పోతాం. మూడు నెలల్లో అది లేచిపోతుంది, మీరు మమ్మల్ని తిట్టుకుంటారు.

మీ లిస్టులో కష్టమైనది బెడ్‌రూం గోడ. అది పెయింట్ సమస్య కాదు కాబట్టే కష్టం. అక్కడ డబ్బా ముట్టుకోకండి. ఆ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ తప్పు నేను సొంతింట్లోనే చేశాను. అన్నయ్య కూతురి పెళ్లికి నెల ముందు మా ఇంటి నడవలో ఇలాగే గోడ ఉబ్బితే, గీకేసి, లప్పం పెట్టించి, రెండు కోట్లు కొట్టించాను. చూసినవాళ్లందరూ భలే ఉందన్నారు. సరిగ్గా పెళ్లికొడుకు వాళ్లు వచ్చి కూర్చున్న రోజున ఆ గోడ మీద అప్పడంలా ఒక పొక్కు లేచింది. పక్కన కూర్చున్న పెద్దాయన వేలితో నొక్కారు. అది చిట్లి తెల్లటి పొడి ఆయన పంచె మీద రాలింది. "మీరు పెయింట్ కాంట్రాక్టరని విన్నామే" అన్నారు. ఆ ఇంట్లో ఇప్పటికీ అందరూ నన్ను ఆ మాటతోనే ఏడిపిస్తారు.

అసలు జరిగేదేమిటంటే, గోడలోకి దిగిన నీళ్లు ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే ఉప్పుల్ని కరిగించుకుని పైకి వస్తాయి. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పెయింట్ వెనకే గడ్డకడుతుంది. ఆ గడ్డ పెరిగేకొద్దీ పెయింట్‌ను వెనక నుంచి తోస్తుంది. మీరు పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా తోసేది లోపలుంది. షాపులో "డ్యాంప్ ప్రూఫ్ కోటింగ్ లోపలివైపు వేసేయండి, చాలు" అంటారు. నీళ్లు వచ్చే దారి ముయ్యకుండా అది వేస్తే చెమ్మ అక్కడ ఆగి, రెండడుగుల పక్కనో పైనో బయటపడుతుంది. కొన్నాళ్లు ఊరట తప్ప ఇంకేం ఉండదు.

కాబట్టి ముందు ఒక పరీక్ష చేయండి. ఉబ్బిన పెయింటంతా పుట్టీ బ్లేడుతో గీకేయండి. ఎక్కడిదాకా అంటే, బ్లేడు కింద గట్టిగా తగిలేదాకా. మచ్చ జానెడు కనిపిస్తే గీకాక మూరెడు తేలుతుంది, కంగారు పడకండి. తర్వాత అడుగు చదరం ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని గోడకు పరిచి, నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించండి. ఒకరోజు, వీలైతే రెండు రోజులు ఉంచండి. కవరు లోపలివైపు, అంటే గోడకు ఆనిన వైపు తేమ చుక్కలు కనిపిస్తే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. బయటివైపు తడి ఉంటే గదిలో గాలి తేమ. గదిలో గాలి తేమ అయితే కిటికీ తీసి ఉంచడం, బట్టలు లోపల ఆరేయకపోవడం, మంచాన్ని గోడకు నాలుగు వేళ్లు దూరం జరపడం లాంటివి సరిపోతాయి.

గోడలోంచే అయితే అవతల బాత్రూం చూడాలి. ఇంట్లో ఇంకో బాత్రూం ఉంటే ఒకరోజు ఇది వాడకుండా, నహానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్లు పోయే కన్నాన్ని, ప్లాస్టిక్ కవరులో చుట్టిన గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టండి. మర్నాటికి నీటిమట్టం బాగా తగ్గినా, ఇవతల గోడ రంగు ముదిరినా లోపం నేలలోనో, నేలా గోడా కలిసే మూలలోనో ఉంది. అవేవీ లేకుండా గోడ మాత్రం తడుస్తూనే ఉంటే గోడలో దాచిన పైపును అనుమానించాలి. అది మాత్రం ప్లంబర్ ప్రెషర్ పెట్టి చూడాల్సిందే. నేను చూసిన ఇళ్లలో మాత్రం ఎక్కువసార్లు దోషి టైల్స్ మధ్య సందు. తెల్ల సిమెంటు పెట్టిన సందులు ఆమ్లం పోసి కడిగీ కడిగీ కరిగిపోతాయి. వాటిని గీకి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు చొరకుండా సందుల్లో నింపే ముద్ద) పెట్టిస్తే చాలావరకు తీరిపోతుంది. ఒక మాట, గ్రౌట్ పెట్టాక గోడ వెంటనే ఆరదు. వేసవిలో ఫ్యాను పెట్టి ఉంచితే మూడు నాలుగు వారాలు పడుతుంది. వానాకాలంలో రెండు నెలలైనా ఆశ్చర్యం లేదు. అన్నాళ్లూ ఆ గీకిన గోడను అలాగే బోసిగా వదిలేయండి. చుట్టాలొస్తే క్యాలెండర్ తగిలించండి, అంతేగానీ పెయింట్ మాత్రం వద్దు. ఆరేటప్పుడు తెల్లగా ఉప్పు పొంగుతుంది. దాన్ని పొడి బ్రష్‌తో దులిపి, కింద పడిన పొడిని ఎత్తేయండి. తడిగుడ్డ పెడితే ఉప్పు మళ్లీ కరిగి గోడలోకే పోతుంది.

మీ గోడకు మొదట సున్నం వేసి, దాని మీద ఎమల్షన్ (నీళ్లలో కలిపే గోడ పెయింట్) కొట్టి ఉంటే ఇంకో సంగతి. పాత ఊళ్లలో సంక్రాంతికి సంక్రాంతికి సున్నం వేసిన గోడలకు ఇది మామూలే. గీకిన అంచు మీద అరచేత్తో రుద్దండి. చేతికి తెల్లపొడి అంటితే ఆ పొర మీద ఏది వేసినా పొరతో సహా ఊడొస్తుంది. ఆ గోడ మొత్తం గీకాల్సిందే, దగ్గరి దారి లేదు.

ఇక హాల్లోకి వద్దాం. ఇక్కడ మీకు మంచి రోజులే.

టీవీ తీసిన చోట ప్లాస్టిక్ ప్లగ్గులు మిగిలి ఉంటాయి. స్క్రూ సగం దాకా తిప్పి కటింగ్ ప్లేయర్‌తో లాగితే వస్తాయి. రాకపోతే మేకు పెట్టి అర అంగుళం లోపలికి కొట్టేయండి, పీకుదామని గోడ పగలగొట్టకండి. డ్రిల్లు పెట్టినచోట రంధ్రం చుట్టూ సన్నటి అంచు పైకి లేచి ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేసి లప్పం పెడతారు. ఎంత రుద్దినా అక్కడ బొడిపె మిగిలేది దానివల్లే. స్క్రూడ్రైవర్ పిడితో ఆ అంచును లోపలికి నొక్కి, రంధ్రం నోరు కొంచెం గిన్నెలా చేయండి.

వీడియోల్లో టూత్‌పేస్టు పెట్టి మూసేయడం చూపిస్తారు. ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు వెనక్కి తీసుకునేవాళ్లకు పనికొస్తుందేమో. అది ఆరితే కుంచించుకుపోతుంది, మీద పెయింట్ పట్టదు. లోతు రంధ్రాలకు క్రాక్ ఫిల్లర్ చిన్న ప్యాకెట్ దొరుకుతుంది, అదే వాడండి. మామూలు వాల్ పుట్టీ, మేం లప్పం అనేది, పల్చటి పూత కోసం చేసింది. రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్ దాటకూడదు. దాన్నే గుంటలో కుక్కితే బీటలిస్తుంది. కాబట్టి లోతంతా ఫిల్లర్‌తో రెండు విడతలుగా నింపి, పైన నునుపు కోసం మాత్రం లప్పం పెట్టాలి.

తెల్ల సిమెంటు లప్పం కలిపేటప్పుడు కిలో పొడికి 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. నీళ్లలోకి పొడి కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి, అప్పుడు ఉండలు కట్టదు. మజ్జిగలా కాదు, దోసెపిండికన్నా గట్టిగా, బ్లేడు మీంచి జారకుండా ఉండాలి. రెండు మూడు గంటల్లో గట్టిపడిపోతుంది. గట్టిపడ్డదాన్లో మళ్లీ నీళ్లు పోసి వాడితే బలముండదు, అందుకే మీ పనికి ఒకసారికి టీ కప్పుడు కలిపితే చాలు. పెట్టబోయే చోట గోడను కాస్త తడిగుడ్డతో తుడవండి. లేకపోతే పొడి గోడ లప్పంలోని నీళ్లు పీల్చేస్తుంది, అది పొడిపొడిగా రాలుతుంది. బ్లేడును గోడకు దాదాపు పడుకోబెట్టి లాగితే అంచులు పల్చగా కలిసిపోతాయి. నిలబెట్టి లాగితే గుంట పడుతుంది. పదిసార్లు లాగితే చేతికే తెలిసిపోయే విద్య ఇది.

ఆరాక రుద్దడానికి ఉప్పుకాగితం 180 నంబరు ముందు, 320 తర్వాత తీసుకోండి. మూతికి మాస్కు పెట్టుకోండి, ఫ్యాను ఆపండి, సోఫా మీద పాత దుప్పటి కప్పండి. ఎక్కడ ఆపాలో కంటికి తెలియదు. సెల్‌ఫోన్ టార్చి గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు పడేలా చేస్తే ఎత్తుపల్లాలన్నీ నీడలతో బయటపడతాయి. కళ్లు మూసుకుని వేళ్ల కొసలతో తడిమి చూడడం ఇంకా మంచిది. మా మేస్త్రీ గారు అలాగే చూసేవారు. ఆయన వేళ్లు ఆగినచోట మేం మళ్లీ రుద్దాల్సిందే.

రుద్దాక దుమ్ము తుడిచి ప్రైమర్. దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి. లప్పం పెట్టిన చోట గోడ దాహంగా ఉంటుంది, పెయింట్‌లోని నీళ్లను గబగబా తాగేస్తుంది. ఆ ముక్క వరకు రంగు ఎండిపోయి చచ్చినట్టు కనిపిస్తుంది. "రెండు కోట్లు వేసినా మచ్చ తెలుస్తోందండీ" అని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ప్రైమర్ వేయనివాళ్లే. వాటర్ ప్రైమర్ పల్చగా ఒక కోటు, మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి, అంతే.

దివాన్ వెనక మరక గురించి. అది కొబ్బరినూనె. మన ఇళ్లలో ప్రతి దివాన్ వెనకా, ప్రతి మంచం తలవైపూ ఉండేదే. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి, జిడ్డు మీద నీళ్ల పెయింట్ పట్టు దొరక్క చేపకళ్లలాగా విడిపోతుంది. రెండు, పట్టినట్టు కనిపించినా వారానికి నూనె మళ్లీ పైకి తేలుతుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం వేసి స్పాంజితో తుడవండి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవండి. సబ్బు మిగిలినా పెయింట్ పట్టదు. ఆరాక కూడా నీడలా కనిపిస్తుంటే నూనె లోపలిదాకా ఇంకిందన్నమాట. అక్కడ ఆయిల్ ప్రైమర్, అంటే టర్పెంటైన్‌లో కలిపేది, ఒక కోటు వేసి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, అప్పుడు ఎమల్షన్ వేయండి. నూనెను ఆపేది ఆ పొరే. పైకప్పు మీద పాత నీటి మరకలకూ ఇదే మందు, లీకు ఆగిపోయి ఉంటేనే సుమా.

పాప గీతలకు ముందు తడిగుడ్డ పెట్టి చూడండి. పిల్లల స్కెచ్ పెన్నులు చాలావరకు నీళ్లకే పోతాయి. పర్మనెంట్ మార్కర్ అయితే శానిటైజర్ కొంచెం దూదికి అద్ది, రుద్దకుండా అద్దుతూ తీయాలి. శానిటైజర్‌లోని స్పిరిట్ ఎమల్షన్‌ను కూడా మెత్తబరుస్తుంది, గట్టిగా రుద్దితే గీతతోపాటు రంగూ వచ్చేస్తుంది. పూర్తిగా పోకపోతే దానికీ ఆయిల్ ప్రైమరే. ఆ సిరా ఎన్ని కోట్ల ఎమల్షన్ వేసినా గులాబీరంగులోనో నీలంగానో పైకి వస్తూనే ఉంటుంది. మైనం క్రేయాన్లు అయితే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి, టిష్యూతో ఒత్తి తీసేయండి.

మీరు అడగలేదు గానీ వంటింటి గోడ గురించి ఒక ముక్క. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రబడుతుంది. చూసి భయపడకండి, పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం పడితే జరిగేదే ఇక్కడా జరిగింది. మంచినీళ్లతో కడిగితే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. ఎండ తగిలే గోడైతే కొన్ని రోజులు వదిలేయండి, పసుపు ఎండకు దానంతటదే వెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, రంగు కలవడం. ఇక్కడే అందరూ దెబ్బతింటారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

అటక మీద పాత డబ్బా ఉంటే అదృష్టమే. మూత తీసి వాసన చూడండి. కుళ్లిన వాసన వస్తే పారేయడమే, గోడ మీద వేసినా ఆ వాసన పోదు. బాగుంటే అడుగుదాకా బాగా కలిపి, పాత పల్చటి చీర ముక్కతో వడకట్టండి. డబ్బా లేకపోతే మూత మీదో బిల్లు మీదో షేడ్ కోడ్ ఉందేమో వెతకండి. అదీ లేకపోతే బొటనవేలి గోరంత పెయింట్ పెచ్చు గోడ నుంచి తీసి, కంప్యూటర్‌లో షేడ్ చూసే షాపుకు తీసుకెళ్లండి. ఈ పెచ్చు ఎక్కడినుంచి తీయాలన్నది ముఖ్యం. కొంతమంది తెలివిగా క్యాలెండర్ వెనకనుంచో స్విచ్ బోర్డు ప్లేటు కిందనుంచో తీస్తారు. అక్కడిది ఐదేళ్ల కిందటి రంగు. మీ గోడ మీదున్నది ఐదేళ్లు ఎండా పొగా తిన్న రంగు. మీరు కలపాల్సింది వెలిసిన దానితో, కాబట్టి మచ్చ పక్కనుంచే తీయండి. పాత డబ్బాలో రంగు కూడా సరిగ్గా కలవకపోవడానికి కారణం ఇదే. డబ్బా మారలేదు, గోడ మారింది.

తెచ్చాక గోడ మీద వేయకండి, అట్టముక్క మీద వేయండి. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ లేతగా కనిపిస్తుంది, ఆరితే ముదురుతుంది. పూర్తిగా ఆరాక ఆ అట్టను గోడకు ఆనించి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి మీ లైటు కింద ఒకసారి చూడండి. రాత్రి కలిసి పగలు కలవని రంగులు చాలా ఉంటాయి.

రంగు కలిసినా మెరుపు కలవకపోవచ్చు. మెరుపు లేని మ్యాట్ పెయింటైతే అతుకు బాగా దాచుకుంటుంది. షైన్ ఉన్న ఎమల్షన్ ఏమీ దాచుకోదు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడగానే మీ అతుకు గోడ మీద బొట్టుబిళ్లలా మెరుస్తుంది. అందుకని నేనొక లెక్క పెట్టుకున్నాను. రూపాయి బిళ్లకన్నా చిన్న మచ్చలైతే ఇయర్‌బడ్‌తోనో చిన్న స్పాంజి ముక్కతోనో అద్ది వదిలేస్తాను. అరచేయంత ఉంటే, మ్యాట్ అయితే అతుకు ప్రయత్నిస్తాను, షైన్ అయితే ప్రయత్నించను. అంతకుమించి ఉంటే ఏ పెయింటైనా సరే, ఈ మూల నుంచి ఆ మూలదాకా ఆ ఒక్క గోడ మొత్తం వేసేస్తాను. గోడ మధ్యలో రెండు రంగులు పక్కపక్కన ఉంటే కంటికి వెంటనే తెలిసిపోతుంది. మూల తిరిగాక పక్క గోడ మీద వెలుతురు ఎలాగూ వేరుగా పడుతుంది, చిన్న తేడా ఎవరికీ కనిపించదు. మీ హాలు విషయంలో నా సలహా, దివాన్ వెనక గోడ మొత్తం వేసేయండి. టీవీ గోడ రంధ్రాలకు మాత్రం ముందు అతుకు వేసి చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గోడకు రెండు కోట్లకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది.

అతుకు వేసేటప్పుడు బ్రష్ వాడకండి. మీ గోడ రోలర్‌తో వేసింది, దాని మీద సన్నటి నారింజ తొక్కలాంటి గరుకు ఉంటుంది. బ్రష్ గీతలు దాని మీద వేరుగా తెలుస్తాయి. 4 అంగుళాల చిన్న రోలర్ కొని, పెయింట్‌లో కొంచెం నీళ్లు కలిపి, తక్కువ ముంచి, మచ్చ మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్లేకొద్దీ చెయ్యి తేలిక చేస్తూ, దాదాపు పొడి రోలర్‌తో ముగించండి. గోడ మొత్తమైతే ముందు అంచులు రెండంగుళాల బ్రష్‌తో గీసి, అవి తడిగా ఉండగానే రోలర్ నడపాలి. మధ్యలో టీకి లేవకూడదు. ఒకవైపు ఆరిపోయి దాని మీద మళ్లీ తడి ఎక్కితే పట్టీలా గీత పడుతుంది. ఫ్యాను ఆపేసి, ఎండాకాలమైతే పొద్దున్నే చేసుకోండి. అంచుల్లో రంగు అంటకుండా అంటించే మాస్కింగ్ టేపును పెయింట్ పూర్తిగా ఆరేదాకా ఉంచకండి, కొంచెం జిగటగా ఉండగానే లాగితే అంచు శుభ్రంగా వస్తుంది. స్విచ్ బోర్డు దగ్గర పని ఉంటే మెయిన్ ఆపి, ప్లేటు స్క్రూలు వదులు చేసి, దాని వెనకదాకా రోలర్ పోనివ్వండి. బోర్డు చుట్టూ బ్రష్‌తో గీసే తిప్పలు తప్పుతాయి.

గ్రిల్లుకు మొదటి సూత్రం, గీకిన రోజే ప్రైమర్ పడాలి. తుప్పు తీసిన ఇనుమును ఒక రాత్రి వదిలేస్తే, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఊళ్లలో, పొద్దుటికి మళ్లీ ఎర్రబారుతుంది. అలాంటి చోట అయితే ముందురోజు మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించి, బాగా ఆరనివ్వండి. పొద్దున ఎండెక్కాక వైర్ బ్రష్, తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం, ఆపైన టర్పెంటైన్ గుడ్డతో తుడవడం, వెంటనే రెడాక్సైడ్, అంటే ఇనుముకు వేసే ఎర్ర ప్రైమర్. మర్నాడు ఎనామిల్ (ఆయిల్ పెయింట్) పల్చగా ఒక కోటు, ఆ మర్నాడు ఇంకోటి. మందంగా ఒకే కోటు వేస్తే పైన ఆరి లోపల మెత్తగా ఉండి కారిపోతుంది. కడ్డీల అడుగున, అడ్డపట్టీ కలిసే మూలల్లో నీళ్లు నిలుస్తాయి, తుప్పు పుట్టేది అక్కడే. కింద కూర్చుని పైకి చూస్తూ వేయండి, పైనుంచి చూస్తే ఆ మూలలు కనిపించవు. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

ఒక జాగ్రత్త. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. మీ బిల్డింగ్ అంతకుముందుదైతే, గ్రిల్లు మీదా కిటికీల మీదా అడుగు పొరల్లో సీసం ఉన్న ఎనామిల్ ఉండవచ్చు. అలాంటిదాన్ని పొడిగా రుద్దకండి. వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) తడిపి రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఆ పూట పాపను పక్కింటికి పంపండి. రాలిన పొట్టును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి కవర్లో కట్టి పారేయండి.

మీరు ముట్టుకోకూడనివి కొన్నున్నాయి. బాల్కనీ పైకప్పు అడుగున పెచ్చు ఊడి తుప్పు పట్టిన ఊచ కనిపిస్తే అది లప్పం పని కాదు, ఇంజనీరుకు చూపించాలి. గోడ మీద ఏటవాలుగా నడిచే పగులు ఉంటే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో చిన్న గీత గీసి తేదీ రాయండి. రెండు మూడు నెలల్లో పగులు ఆ గీత దాటితే అప్పుడూ ఇంజనీరే. పిల్లర్‌కూ గోడకూ మధ్య నిట్టనిలువుగా వచ్చే సన్నటి చీలిక మాత్రం అందరి ఇళ్లలోనూ ఉంటుంది. దాన్ని కొంచెం వెడల్పు చేసి ఫిల్లర్ పెట్టి, పైన జాలీ టేపు అంటించి లప్పం లాగితే నిలుస్తుంది. టేకు తలుపుల పాలిష్ కూడా సొంతంగా వద్దంటాను. అది వేరే చేతివిద్య, మేం కూడా వేరేవాళ్లనే పిలుస్తాం.

కొనాల్సినవి పెద్దగా లేవు: 4 అంగుళాల పుట్టీ బ్లేడు, రెండంగుళాల బ్రష్ ఒకటి ఎమల్షన్‌కు, ఇంకోటి ఎనామిల్‌కు, చిన్న రోలర్, ఉప్పుకాగితాలు, కిలో లప్పం, అర లీటరు చొప్పున ప్రైమర్లు. బ్రష్ మరీ చవకది కొనకండి, వెంట్రుకలు రాలి పెయింట్‌లో ఇరుక్కుంటాయి, వాటిని ఏరడానికే పొద్దు గడిచిపోతుంది. రెండు కోట్ల మధ్య బ్రష్ కడగక్కర్లేదు, ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా చుట్టి పెడితే మర్నాటిదాకా మెత్తగానే ఉంటుంది. మిగిలిన పెయింట్‌ను పెద్ద డబ్బాలో అడుగున వదిలేయకుండా, నిండుగా పట్టే చిన్న గాజుసీసాలోకి వంచి, షేడ్ కోడ్, తేదీ, ఏ గోడదో రాసి అంటించండి. కోడ్‌ను స్విచ్ బోర్డు ప్లేటు లోపలివైపు కూడా మార్కర్‌తో రాసి పెట్టుకోండి, సీసా పోయినా గోడ ఎక్కడికీ పోదు.

వరస మాత్రం ఇలా పెట్టుకోండి. ఈ శనివారం బెడ్‌రూం గోడ గీకి కవరు అంటించండి, అది దాని పని చేసుకుంటుంది. ఈలోగా హాల్లో రంధ్రాలు, మరకలు చూసుకోవచ్చు, వచ్చేవారం గ్రిల్లు. సోమవారం కవరు తీసినప్పుడు ఏ వైపు తడిసిందో, మీ ఫ్లాటు ఏ అంతస్తో రాయండి. కింద అంతస్తయితే నేలలోంచి చెమ్మ ఎక్కే అవకాశం కూడా ఉంటుంది, దాని దారి వేరు. అది తెలిశాక మిగతాది చెప్తాను.